అలుపు కాదు, ఆయాసం

తలుపు మీద ఎర్రదీపం వెలిగింది. ఇక అది ఆరేదాకా తను చెయ్యగలిగిందేమీ లేదని శైలజకి తెలుసు, తెలిసి కూడా లేచి నిలబడింది, రెండడుగులు వేసింది, మళ్ళీ వచ్చి కూర్చుంది. ఇన్నేళ్ళూ ఇలాంటి తలుపులకి అవతలివైపే మసిలిన డాక్టరుకి ఇవతలి బెంచీ ఇంత గట్టిగా ఉంటుందని తెలియదు. విజయనగరంలో ఈ గుండె ఆసుపత్రి కొత్తది, గోడలకింకా రంగు వాసన పోలేదు, దాని మీద ఫినాయిలు వాసన ఎక్కి కూర్చుంది, ఎదురుగా టీవీలో ఎవరో అత్తగారు గొంతు లేకుండా కోప్పడుతోంది. లోపల బల్ల మీద సెనోవారా ఉంది. ఏడో నెల కడుపు చుట్టూ సీసపు దుప్పటి కప్పి, తొడ దగ్గర నరంలోంచి సన్నని గొట్టం గుండె దాకా పంపించి, ఇరుకైపోయిన కవాటంలో ఆ గొట్టం చివరి బుడగని ఒక్క క్షణం ఉబ్బిస్తారు. కవాటం విచ్చుకుంటుంది. చెప్పుకుంటే ఇంతే, ఒక బుడగ, ఒక క్షణం. కానీ ఆ క్షణంలో ఆ అమ్మాయి కదలకూడదు, మత్తు ఇవ్వరు, మెలకువగానే ఉంటుంది, లోపలివాళ్ళ మాట ఆమెకి రాదు, ఆమె మాట లోపలివాళ్ళకి రాదు. అందుకే డాక్టర్ మురళీమోహన్ గుమ్మంలో శైలజని ఆపేశాడు. "మీరొద్దండీ, డాక్టర్లం చాలామందిమే ఉన్నాం. నాకు లోపల భాష కావాలి. ఆ పెద్దావిడని పంపండి." అరవై అయిదు దాటిన మహాలక్ష్మమ్మగారికి సీసపు కోటు తొడిగారు. ఆ బరువుకి ఆవిడ భుజాలు కిందికి జారాయి, ఒక్కసారి తూలింది, గోడ పట్టుకుంది, "బస్తా మోసినట్టున్నాదమ్మా" అని నవ్వి, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆవిడ లోపల, తను బయట. శైలజకి ఇదే సరిగ్గా అనిపించింది, అనిపించడం వింతగానూ అనిపించింది. గోడకి తల ఆనించి కళ్ళు మూసుకుంటే సముద్రం వినిపించింది. ఏసీ మోతేనని తెలుసు, అయినా సముద్రమే. ఈ రెండున్నర నెలలుగా ఏ మోత విన్నా ఆమెకి సముద్రమే. ఫైలిన్ తుఫాను పోయిన చలికాలంలో, ఇంజను చచ్చిపోయిన పడవొకటి శ్రీకాకుళం తీరం దగ్గరికి కొట్టుకొచ్చింది. వేటకెళ్ళిన గంగులు దాన్ని మొదట చూశాడు. "సేపలు పడతాయని ఎల్తే మనుసులు పడ్డారమ్మా" అన్నాడు తర్వాత, నవ్వలేదు, వాళ్ళ పెదాలు ఎలా పగిలిపోయి ఉన్నాయో చేత్తో తన పెదాల మీద చూపించాడు. బర్మాలో అరకాన్ తీరం నుంచి ప్రాణాలు దక్కించుకుని బయల్దేరిన రోహింగ్యా ముస్లింలు వాళ్ళు, మలేషియా వెళ్ళాల్సినవాళ్ళు. నీళ్ళు అయిపోయాయి, దారి తప్పింది, ఒకరిద్దరిని సముద్రానికి ఇచ్చేశారు. జాలరి పేటవాళ్ళు పడవని తాడు కట్టి లాక్కొచ్చారు, ఆడవాళ్ళు గంజి కాచి, ఒక్కసారే తాగేస్తే చచ్చిపోతారని ఎవరు నేర్పారో గాని, చెంచాలతో పట్టారు. ఆ తర్వాత ప్రభుత్వం వచ్చింది, పోలీసులు వచ్చారు, అందరినీ తుఫాను షెల్టర్లో ఉంచారు. ఆ తర్వాత వైద్య కళాశాలలో పాఠాలు చెప్పుకుంటున్న శైలజకి ఉత్తర్వు వచ్చింది. ఆశ్రయం కోరుతున్న వీరి ఆరోగ్యాన్ని, వీరికి అందుతున్న వైద్యాన్ని వారానికోసారి పర్యవేక్షించి నివేదించవలెను. పర్యవేక్షణ. ఆ మాటని జీపులో చాలాసేపు నమిలింది శైలజ. మన ఊళ్ళలో ఆ మాట ఎవరంటారు. మంచాన పడ్డ ముసలమ్మ గురించి అడిగేటప్పుడు, దాన్నెవరు సూస్తన్నారే అంటారు. సూసేవోళ్ళున్నారా, నేదా. చూడటమంటే అదే, కన్నూ చెయ్యీ రెండూ అందులోనే ఉన్నాయి, ప్రభుత్వం కన్నొక్కటే అడిగింది.

మరి ఆమె ఎలా చూసింది. మొదటి వారం డ్రమ్ములో నీళ్ళు చూసింది, మరుగుదొడ్డి తలుపుకి లోపలివైపు గడియ లేదని చూసింది, చీకటి పడ్డాక ఆడవాళ్ళు మంచినీళ్ళు తాగడం ఎందుకు మానేస్తున్నారో ఆ లేని గడియలో కనిపించింది. గడియ పెట్టించాకే తక్కినవి రాస్తానంది. దగ్గర్లోని ఆరోగ్య కేంద్రం డాక్టరు రోజు విడిచి రోజు వచ్చేలా చేసింది, పిల్లల దండచెయ్యి కొలిచింది, దగ్గేవాళ్ళని కిటికీవైపు పడుకోమంది. పేర్లు నేర్చుకుంది. ఒకళ్ళ పేరు ఇంకొకళ్ళకి పెట్టి పిలిస్తే పిల్లలు పడీపడీ నవ్వేవారు, ఆ నవ్వు కోసం ఒకట్రెండుసార్లు కావాలనే తప్పు పిలిచింది. సెనోవారా మాత్రం నవ్వేది కాదు. గోడకి ఆనుకుని కూర్చునేది, ఎప్పుడూ కూర్చునే ఉండేది, పడుకోగా ఎవరూ చూడలేదు. పెనిమిటి ముందే మలేషియా చేరి ఇళ్ళు కట్టే పనిలో ఉన్నాడట, అతని దగ్గరికి బయల్దేరింది. ఏమిటమ్మా ఇబ్బంది అంటే ఒక మాట అనేది, "మో దే". వాళ్ళలో కాస్త హిందీ వచ్చిన కుర్రాడు దాన్ని హిందీలోకి మార్చేవాడు, అలిసిపోయిందట. అలవదూ మరి, అన్ని రోజులు నడిసముద్రంలో, కడుపుతో. కనురెప్పలు పాలిపోయే ఉన్నాయి. రక్తం పట్టే మాత్రలిచ్చింది. అలుపు. ఆ మాట నోట్లో పెట్టుకునే ఊరికి తిరిగొచ్చింది.

మహాలక్ష్మమ్మగారు వచ్చింది కొన్ని వారాల తర్వాత. షెల్టర్ మెట్ల దగ్గర కానిస్టేబుల్ తో వాదిస్తూ కనిపించింది, చేతిలో గుడ్డసంచీ, ముక్కుకి రెండువైపులా రాళ్ళ బేసర్లు, శ్రీకాకుళంలో పప్పుల కొట్టు నగరేశ్వరరావుగారి తల్లినని చెబుతోంది. "పేపర్లో సదివేనమ్మా" అంది శైలజని చూసి. "ఈళ్ళ మాట ఎవులికీ అర్థం కావట్నేదట గదా. బర్మా బాస నాకొచ్చును. ఏబై ఏళ్ళై మూల పడున్నాది. తుప్పొదిలించీసి సూద్దామని ఒచ్చేను." ఆవిడ పుట్టింది రంగంలో. రంగం అంటే రంగూన్, ఈ రెండు జిల్లాల్లో ముసలివాళ్ళెవరూ దాన్ని రంగూన్ అనరు, రంగం వెళ్ళాడు, రంగం నుంచి వచ్చాడు, రంగం పెట్టె. శైలజ వాళ్ళింట్లోనూ ఒక ముత్తాత ఉన్నాడు, కూర్మయ్య, రంగం బియ్యం మిల్లులో బస్తాలు మోసి, బాంబులు పడ్డప్పుడు అడవులూ కొండలూ నడిచి వచ్చినవాడు, ఆ నడక గురించి ఎవరడిగినా నోరు విప్పేవాడు కాడట. మహాలక్ష్మమ్మగారి నాన్న కిరాణా కొట్టు ఒకరోజు పొద్దున్నే ప్రభుత్వం తీసేసుకుంది, తాళం కూడా వాళ్ళే వేశారు. ఓడెక్కేటప్పుడు పదిహేనేళ్ళ పిల్ల చెవుల కమ్మలు కూడా తీయించేశారు. ఓడలో జ్వరం. విశాఖలో దిగాక కాందిశీకుల క్యాంపులో జ్వరం. ఇది ఆవిడ జీపులో తిరిగొస్తూ చెప్పింది, కొడుకు ఎంత వద్దన్నా ఎందుకొచ్చావని శైలజ అడిగితే. "మావోడికి బయం. పోలీసులున్న సోటుకి మనకెందుకే అమ్మా అంటాడు. ఒరే, మనం ఒచ్చిందీ పోలీసులున్న సోట్నుంచే గదరా అన్నాను." కిటికీలోంచి జీడితోటలు చూస్తూ, "ఆ క్యాంపుల ఒక డాకటరుండీవోడమ్మా. పొద్దున్నే ఒచ్చి కనురెప్ప లాగి సూసి, నిద్ర పట్టిందా మహాలక్ష్మీ అని అడిగీవోడు. ఏ మందిచ్చేడో గేపకం లేదు. ఊరు లేదు, ఇల్లు లేదు, కొట్టు లేదు, పేరొక్కటే మిగిలుండీది. దాన్ని ఒకడు గేపకం ఎట్టుకున్నాడు" అంది.

ఆ రోజు, అంటే ఆవిడ మొదటిసారి వచ్చిన రోజు, మహాలక్ష్మమ్మగారు సెనోవారా ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. తుప్పు వదిలించడానికి కొంచెంసేపు పట్టింది, ఒక మాట అనేది, నాలిక కరుచుకునేది, మళ్ళీ అనేది, చుట్టూ ఉన్నవాళ్ళు దిద్దేవారు. సెనోవారా సిట్వే పిల్ల, బజార్లో తండ్రికి బట్టల కొట్టు ఉండేది, బళ్ళో బర్మా భాషలోనే చదువుకుంది. సిట్వే అంటే అక్యాబే గదా అని మహాలక్ష్మమ్మగారు అరిచినంత పని చేసింది, అక్యాబ్ నుంచి మా కొట్టుకి బియ్యం వచ్చేవి. కొట్టు పోగొట్టుకున్న ఇద్దరు కోమటిపిల్లల్లా, మధ్యలో ఏభై ఏళ్ళున్నాయన్న సంగతి మరిచిపోయి, కొట్టు గుమ్మం ఏ వైపుండేది, గల్లాపెట్టె దగ్గర ఎవరు కూర్చునేవారు అని మాట్లాడుకుంటుంటే శైలజ చెవిలో స్టెతస్కోపు పెట్టుకుని ఊరికే నిలబడిపోయింది. అప్పుడొచ్చింది ఆ మాట, మో దే. మహాలక్ష్మమ్మగారు తలెత్తింది. "అలుపంటావేటి డాకటరమ్మా? మో అంటే అలుపూ అవుతాది, ఆయాసమూ అవుతాది. ఈ పిల్ల సెప్తున్నది ఆయాసం. ఊపిరాడట్నేదట. పడుకుంటే మరీనట. నీళ్ళల్ల మునిగినట్టుంటాదట." శైలజ స్టెతస్కోపు చెవుల్లోంచి తీసేసింది. వెంటనే అడగాల్సినవన్నీ వరసగా వచ్చాయి. చిన్నప్పుడు కీళ్ళు వాచి జ్వరం వచ్చిందా. వచ్చింది. మేడ మెట్లెక్కితే ఆగేదా. ఆగేది. నిద్రలో దిగ్గున లేచి కూర్చుంటుందా. అందుకే పడుకోవడం మానేసింది. ఒక్కొక్క ప్రశ్నా తెలుగులోంచి బర్మాలోకి, ఒక్కొక్క జవాబూ బర్మాలోంచి తెలుగులోకి, ఆవిడ ఒక్క మాట తనది కలపకుండా, ఒక్క మాట తగ్గించకుండా, నిండు బిందె తొణక్కుండా తెచ్చినట్టు తెచ్చింది.

స్టెతస్కోపు పెడితే సముద్రం. షెల్టర్ అంటే స్తంభాల మీద నిలబెట్టిన కాంక్రీటు డబ్బా, కిటికీలకి రెక్కల్లేవు, హోరంతా లోపలే. తను వినాల్సింది ఎంత చిన్న చప్పుడంటే, దూరాన ఎక్కడో మబ్బు ఉరిమి ఆగిపోయినట్టు, అదీ రెండు కొట్టుకోవడాల మధ్య సందులో. జీపు డ్రైవరు కొండబాబు అది కనిపెట్టాడు, "జీపులోకి తెచ్చీండి మేడమ్, అద్దాలెత్తీస్తాను" అన్నాడు. సరుగుడు తోటలోకి తీసుకెళ్ళి ఆపాడు, ఇంజను కట్టేశాడు, అద్దాలన్నీ ఎత్తి, తను దిగి దూరంగా వెళ్ళి నిలబడ్డాడు. ఎవరూ ఊపిరి కూడా గట్టిగా తీయలేదు. సెనోవారాని ఎడమవైపుకి ఒత్తిగిలమని, శైలజ కళ్ళు మూసుకుంది. ఉంది. మబ్బు ఉంది. మైట్రల్ కవాటం, గుండెలో పై గదికీ కింది గదికీ మధ్య తలుపు, ఏ చిన్ననాటి జ్వరానికో అతుక్కుపోయి, సందు మాత్రం మిగిలింది. కడుపులో బిడ్డ పెరిగేకొద్దీ రక్తం పెరుగుతుంది, ఆ సందులోంచి పట్టదు, వెనక్కి పొంగి ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. నీళ్ళలో మునిగినట్టుంటుంది. సముద్రం దాటి వచ్చిన పిల్ల ఒడ్డున కూర్చుని మునిగిపోతోంది.

అత్త గుర్తొచ్చింది అప్పుడు, ఇప్పుడు కూడా. మేనత్త దేముడమ్మ. రామతీర్థం దగ్గర తమ పొలంలో ఊడుపులప్పుడు వరస మధ్యలో నడుమెత్తి నిలబడిపోయేది, నోరు తెరుచుకుని ఆకాశంలోకి చూసేది, దీనికి ఒళ్ళొంగదని ఆడకూలీలు వెనకనుంచి నవ్వుకునేవారు. కొండ మెట్లెక్కుతూ సగంలో కూర్చుని, మీరెళ్ళిరండి నేను దేవుడికి ఇక్కణ్ణుంచే దణ్ణం పెడతానని అనేది. తొలి కాన్పుకి ముందే పోయింది, బస్సులో, శైలజ నాన్న నరసింగరావు ఒళ్ళో. నాన్న ఆ తర్వాత చాలా ఏళ్ళు, "అలిసిపోయినాదమ్మా పాపం" అనేవాడు. అత్త కూడా ఏదో ఒక మాట చెప్పే ఉంటుంది. తెలుగులోనే చెప్పి ఉంటుంది.

ఎర్రదీపం అలాగే ఉంది. ఒక నర్సు బయటికొచ్చి, ఏదో పట్టుకుని మళ్ళీ లోపలికెళ్ళింది, తలుపు తెరుచుకున్న ఆ కొంచెంలో మహాలక్ష్మమ్మగారి గొంతు వినబడింది, సన్నగా, ఆగకుండా, అర్థం కాని భాషలో, పిల్లకి అన్నం పెట్టేటప్పటి గొంతు. తలుపు మూసుకుంది. ఎంతసేపైందో తెలియదు, గోడ గడియారం వైపు చూడకూడదనుకుంది, చూడలేదు. ఫోను ఒళ్ళో ఉంది. జగన్నాధం ఇంకా చెయ్యలేదు. షెల్టర్ బాధ్యత ఆయనది, రెవెన్యూ అధికారి, మెత్తని మనిషి, ఎప్పుడూ చెమటలు తుడుచుకుంటూ ఉంటాడు. పైనుంచి ఉత్తర్వు వచ్చింది, అందరినీ వేరే రాష్ట్రంలో ఉన్న శిబిరానికి తరలించాలి, బస్సుల్లో స్టేషనుకి, అక్కణ్ణుంచి రెండు రోజుల రైలు. అందరూ ప్రయాణానికి తగిన ఆరోగ్యంతో ఉన్నారని శైలజ సంతకం కావాలి. "మేడమ్, మీ పని సూసి సెప్పడం వరకే గదండీ" అన్నాడు, బతిమాలుతున్నట్టే అన్నాడు. "చూశాను, చెప్తున్నాను, ఆ అమ్మాయిని రైలెక్కిస్తే బతికి దిగదు" అంది శైలజ. "సరేనండి, ఆవిణ్ణి ఆపీస్తాను. మిగిలినోళ్ళకి?" "ముగ్గురు దగ్గుతున్నారు, కళ్ళె పరీక్షల ఫలితాలు ఇంకా రాలేదు. వాళ్ళ పక్కన పిల్లల్ని రెండు రోజులు రైలు పెట్టెలో కూర్చోబెట్టి, అందరూ ఆరోగ్యంగా ఉన్నారని నేను రాయను జగన్నాధంగారూ." ఆయన రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. "పైవోళ్ళు ఇంకో డాకటరు చేత రాయించీస్తారండి" అన్నాడు మెల్లిగా. బెదిరింపు కాదు, నిజం. శైలజ ఆ కాగితాన్ని సంతకం లేకుండానే వెనక్కిచ్చేసింది. తను రాయకపోతే ఏమవుతుంది, ఏమీ కాకపోవచ్చు. అయినా చేతిలో ఉన్నది అదొక్కటే.

ఈ ఉదయం, తన సంతకం లేకుండానే, బస్సులు రావాలి. ఆ సంగతి తెలిస్తే వాళ్ళు హడలిపోతారని మహాలక్ష్మమ్మగారు నిన్ననే వెళ్ళి షెల్టర్లో ఉండిపోయింది, పొద్దు పొడుస్తూనే ఫోను. "డాకటరమ్మా, పిల్ల నోట్నుంచి నురగొస్తన్నాది. ఎర్రగా ఉన్నాది." ఆ గొంతులో వణుకు లేదు, ఏం కనిపిస్తోందో అదే చెప్పింది. నూట ఎనిమిది బండి హైవే మీద ప్రమాదానికి వెళ్ళింది, ఎప్పుడొస్తుందో తెలియదన్నారు. కొండబాబు ఆరోగ్య కేంద్రంలో ఆక్సిజన్ సిలిండరు భుజాన వేసుకుని జీపు వెనక తాళ్ళతో కట్టేశాడు. వెళ్ళేసరికి సెనోవారా ముందుకు వంగి, రెండు చేతులూ మోకాళ్ళ మీద గుచ్చినట్టు పెట్టుకుని, పెదాలు నేరేడుపండులా. శైలజ సూదులేసింది, ముక్కుకి గొట్టం పెట్టింది, పడుకోబెట్టకూడదు, కూర్చోబెట్టే తీసుకెళ్ళాలి. మహాలక్ష్మమ్మగారు సీటులో ముందు తను కూర్చుని, ఆ పిల్లని తన రొమ్ముకి ఆనించుకుని, రెండు చేతులూ చుట్టూ వేసి కుర్చీలాగా అయిపోయింది. అప్పుడే బస్సులు వచ్చి సరుగుడు తోట పక్కన ఆగాయి. జగన్నాధం బండి దిగాడు, జీపు అద్దంలోంచి లోపలికి చూశాడు. నురగ చూశాడు. పక్కకి తప్పుకుని దారిచ్చాడు.

ఆ ప్రయాణం మళ్ళీ మొదట్నుంచీ వస్తోంది ఇప్పుడు, బెంచీ మీద. హైవే మీద ఎండ, లారీల వరస, నాగావళి వంతెన మీద ట్రాఫిక్ బిగుసుకుపోవడం, కొండబాబు తలుపు తీసుకుని దూకి, "తియ్యండర్రా, ఒరే తియ్యండి, రెండు పేనాలున్నాయి లోన" అని బస్సు డ్రైవర్ల మీద, ఆటోల మీద అరుస్తూ వంతెన పొడుగునా పరిగెత్తడం, ఎవరో చెప్పులు కుట్టేవాడు లేచి చేతులు అడ్డం పెట్టి ఇవతలి బళ్ళని ఆపడం. సెనోవారా ఎకో పరీక్ష ముందే చూసి, మందులతో కొన్నాళ్ళు ఆగుదామన్న మురళీమోహన్ ఫోనులో, "శ్రీకాకుళంలో ఆగొద్దు, ఊపిరితిత్తుల్లో నీరు తగ్గుతోందా, తగ్గుతోంటే తిన్నగా నా దగ్గరికి తెచ్చెయ్యండి, బల్ల సిద్ధం చేస్తాను." తగ్గుతోందా. శైలజ పెదాల రంగు చూస్తూనే ఉంది, రంగొక్కటే చూస్తూ, రణస్థలం దాటింది, పూసపాటిరేగ దాటింది, మహాలక్ష్మమ్మగారు ఆ పిల్ల చెవిలో ఏదో చెబుతూనే ఉంది, ఆగితే ఊపిరి ఆగిపోతుందన్నట్టు. నాతవలస దగ్గర విజయనగరం దారిలోకి తిరిగేటప్పుడు సెనోవారా తల వెనక్కి వాల్చింది. శైలజ చటుక్కున నాడి పట్టుకుంది. ఆ పిల్ల పెదాల్లో నేరేడు రంగు కొంచెం విరిగింది, కళ్ళు తెరిచే ఉన్నాయి, ఆ పెద్దావిడ గడ్డం కిందనుంచి పైకి చూస్తోంది. ఆవిడ కాళ్ళు అప్పటికే తిమ్మిరెక్కిపోయి ఉంటాయి. దించాక తెలిసింది, చాలాసేపు నిలబడలేకపోయింది. ఆ కాళ్ళతోనే ఇప్పుడు లోపల, బస్తా బరువు కోటుతో.

ఎవరి గురించి గొప్పగా అనుకోవాలి అనుకుంది శైలజ, కళ్ళు తెరిచి టీవీవైపు చూస్తూ, చూడకుండా. గంజి చెంచాలతో పట్టినవాళ్ళ గురించా, వంతెన మీద పరిగెత్తినవాడి గురించా. పడుకోలేక కూర్చుని, తెల్లారేదాకా కూర్చుని, ఎవరికీ అర్థం కాకపోయినా ప్రతి వారమూ అదే మాట మానకుండా చెప్పిన ఆ పిల్ల గురించా. రోగం ఉన్నవాళ్ళందరూ చెబుతారనుకుంటాం, చాలామంది మానేస్తారు. ఆమె మానలేదు.

ఫోను మోగింది. జగన్నాధం. "మేడమ్, ఎలాగున్నాదండి?" "లోపలుంది." "ఊఁ." అవతల గాలి హోరు. "బస్సులు పంపించీసేనండి." శైలజకి ముందు అర్థం కాలేదు. "స్టేషనుకా?" "కాదండి, ఖాళీగా. ఎనక్కి. పైకి రాసీసేను నా పేరు మీదనే. గర్భిణీని పేనాపాయంలో తరలించేం, దగ్గులోళ్ళ పరీక్షలు రావాలి, డాకటరుగారు సెప్పీదాకా తరలింపు కుదరదు అని. కళ్ళతో సూసేను గదండీ. ఏటైతే అది అవుతాది." ఆయన ముఖం తుడుచుకుంటున్న చప్పుడు కూడా వినిపించినట్టైంది. ఈయన బదిలీ అయిపోవచ్చు, ఇంకేదైనా కావచ్చు. "జగన్నాధంగారూ" అంది. "ఉంటానండి, వంట సామాను మళ్ళీ దింపించాలి" అని పెట్టేశాడు.

ఫోను పక్కన పెట్టేసరికి దీపం ఆరిపోయి ఉంది. ఎప్పుడు ఆరిందో చూడనే లేదు. మురళీమోహన్ మాస్కు కిందికి లాక్కుంటూ వచ్చాడు, మొహమంతా చెమట. "తెరుచుకుంది శైలజగారూ. బాగా తెరుచుకుంది. బిడ్డ గుండె కూడా చక్కగా కొట్టుకుంటోంది." శైలజ బెంచీ అంచు పట్టుకుంది. అతను వెళ్ళబోయి ఆగాడు. "ఆవిడ ఏం చెప్పారో కనుక్కోండి. బుడగ ఉబ్బించేముందు ఆ అమ్మాయి వణికిపోతోంది, నేను చెయ్యి వెనక్కి తీసేద్దామనుకున్నాను. ఈవిడ వంగి ఒక మాట అన్నారు. రాయిలా అయిపోయింది, రెప్ప కూడా వెయ్యలేదు."

మహాలక్ష్మమ్మగారు గోడ పట్టుకుంటూ వచ్చింది. కోటు విప్పేశారు గాని భుజాలు ఇంకా దాన్ని మోస్తున్నట్టే ఉన్నాయి, జాకెట్టు తడిసి ముద్దయింది. శైలజ ఎదురెళ్ళి పట్టుకుని కూర్చోబెట్టింది, నీళ్ళ సీసా మూత తీసి ఇచ్చింది. "ఏం చెప్పారు మామ్మగారూ, అంత కదలకుండా?"

"ఏటి సెప్తాను" ఆవిడ నీళ్ళు తాగి, కొంగుతో మూతి తుడుచుకుంది. "ఒసే, ఈ సీసం బట్ట బరువుకి నా కాళ్ళు ఒణికిపోతన్నాయి, నువ్వు గాని కదిలితే నాను పడిపోతాను, నా కోసం కదలకే తల్లీ అన్నాను. నన్ను కాసుకున్నాది పిల్ల."

శైలజ మొహం పక్కకి తిప్పుకుంది. కడుపుతో ఉండి, ఊపిరి లేక, దేశం లేక వచ్చిన పిల్లని, ఇంకొకళ్ళని కాచుకోమని అడగాలని ఏ పుస్తకంలో ఉంటుంది. ఇన్నాళ్ళూ అందరూ ఆమెకి ఇచ్చారు, గంజి, మాత్ర, దుప్పటి. అడిగింది ఈవిడొక్కతే.

ఆ వేసవి మొదట్లో శ్రీకాకుళంలో సెనోవారాకి ఆడపిల్ల పుడుతుంది, దగ్గేవాళ్ళలో ఇద్దరికి క్షయ తేలి మందులు మొదలవుతాయి, వాటి గడువు అయ్యేదాకా షెల్టర్ ఖాళీ కాదు, జగన్నాధాన్ని ఏజెన్సీకి బదిలీ చేస్తారు, ఆయన వెళ్ళే ముందు పిల్లని ఎత్తుకుని ఫొటో దిగుతాడు. అవేవీ ఇంకా ఎవరికీ తెలియవు. ఇప్పుడు మహాలక్ష్మమ్మగారు సీసా మూత బిగించి, ఏదో పెద్ద పని గుర్తొచ్చినట్టు లేచి నిలబడింది.

"పిల్లకి ఆకలేస్తన్నాదట. ఒచ్చింది మొదలు ఈయాలే నోరు తెరిసి అడిగినాది, అన్నం, సేపల కూర అని. ఈ ఊళ్ళో సేపల కూర ఏ పక్క దొరుకుతాదమ్మా?"

"సాయంత్రం దాకా ఏమీ పెట్టకూడదు మామ్మగారూ. పెట్టినా ఉప్పు తక్కువుండాలి." చెబుతూనే శైలజకి నవ్వొచ్చింది. ఉల్లిపాయైనా ముట్టని ఇల్లు ఆవిడది. "కొండబాబుని పంపుదాం లెండి, మీరెందుకు, మీరు ఆ కొట్టు దగ్గర నిలబడగలరా?"

"ఆడికేటి తెలుస్తాది? ఉప్పు తక్కువెయ్యమని దగ్గరుండి సెప్పి ఒండించాలి గదా. సాయంత్రానికి ఇప్పట్నుంచీ ఎతకాలి." ఆవిడ చెంగు బిగించుకుని, ఒక్కొక్క మెట్టూ దిగుతూ, ఎదురుగా పైకొస్తున్న నర్సుని ఆపి, గొంతు ఏమాత్రం తగ్గించకుండా, మంచి చేపల కూర ఈ చుట్టుపక్కల ఎక్కడ వండుతారమ్మా అని అడిగింది.